సొంతూళ్లో టూరు బస్సు

సెలవులకు స్నేహితురాలొచ్చింది. ఇద్దరం కలిసి పొద్దున్నే టూరు బస్సెక్కాం. సాయంత్రం దిగేసరికి మాదన్నపేటకీ, గోల్కొండకీ, బెజవాడకీ ఉన్న చుట్టరికం తెలిసింది.

చుట్టాలొస్తే తప్ప మన ఊరు మనకు గుర్తురాదు. అప్పుడైనా చేసేదేముంది? ఆటో మాట్లాడుకుని చార్మినార్ దగ్గర దిగుతాం. నాలుగు ఫొటోలు, లాడ్‌బజార్‌లో గాజుల బేరం, ఒక బిర్యానీ. ఇంటికొచ్చి ‘హైదరాబాద్ చూసేశాం’ అంటాం. పాతబస్తీ వాళ్లమైతే మరీనూ. రోజూ కనిపించే గోడనీ దర్వాజానీ ఎవరు నిలబడి చూస్తారు? సొంతూరిని బయటూరి మనిషిలా ఒక్కరోజు చూడాలంటే గైడున్న టూరు బస్సును మించిన దారి లేదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

డిసెంబరు సెలవులకు విజయవాడ నుంచి నా స్నేహితురాలు వచ్చింది. కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ కలిసి చదువుకున్నాం. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, చేతిలో నాలుగు రోజులున్నాయి. ‘‘ఒసేయ్, ఈసారి మీ ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కాదు. ఆ టూరు బస్సు ఎక్కుదాం. గైడు చెప్తుంటే విందాం’’ అంది. ‘‘మా ఊరిని నాకు ఇంకొకరు చూపించుడేందే’’ అన్నా. ‘‘చూపించనీ. నువ్వు రోజూ పక్కనుంచే పోతావు, ఆయన ఆగి చూపిస్తాడు’’ అంది. కాదనడానికి ఏమీ మిగల్లేదు.

ఈ ఊరికి బస్సులతో పాత అనుబంధమే ఉంది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ పెట్టినప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ్టి ఆర్టీసీకి మొదలు అదే. పర్యాటక సంస్థ బస్సులు ఏళ్లుగా నగరం చూపిస్తున్నాయి. ఆర్టీసీ కూడా 2022లో ‘హైదరాబాద్ దర్శిని’ పేరుతో శని, ఆదివారాల్లో బస్సులు వేసింది. ఎవరి బస్సైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. పొద్దున ఎక్కిస్తారు, పొద్దుగూకాక దింపుతారు. మధ్యలో గుడి, కోట, ప్యాలెస్, మ్యూజియం, చెరువు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లాకూ ఆ రోజే సెలవు.

చీకటితోనే లేచే బస్తీ మాది. మాదన్నపేట మండీలో టమాటా డబ్బాలు దించే చప్పుడుకే సగం ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. కొత్తిమీర కట్టలు తడి గోనె మీద పరిచి, గొంతెత్తి ధర చెప్పే ఆడవాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని ఆటో ఎక్కాం. చంచల్‌గూడ, చాదర్‌ఘాట్ దాటి కోఠికి రాగానే మా కాలేజీ. 1800ల మొదట్లో కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ అది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. ఆ పెద్ద పెద్ద స్తంభాల కింద కూర్చునే పరీక్షలకు చదివాం. అక్కడ రెసిడెంటుగా ఉన్న ఆ తెల్లదొర ఖైరున్నీసా అనే హైదరాబాదీ అమ్మాయిని పెళ్లాడాడనీ, ఆ పెళ్లి నిజాం దర్బారు నుంచి కలకత్తా దాకా గొడవ లేపిందనీ ఆ మూడేళ్లలో మాకెవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లుంటే రాయికి కూడా నోరొస్తుంది. ఆ రోజంతా నాకు అర్థమవుతూ వచ్చింది ఇదే.

టూరు బస్సెక్కాం. మా గైడు యాభై దాటిన మనిషి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మైకు. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో అందుకుని, ఇంగ్లిషులో ముగించేవాడు. మూడు భాషల్లోనూ ఒకే మాట చెప్పేవాడు కాదు. తెలుగువాళ్లకు రామదాసు, ఉత్తరాది వాళ్లకు ఔరంగజేబు, ఎవరికి తెలిసిన కొస వాళ్లకు అందించేవాడు. ఇది చదువుకుంటే వచ్చే విద్య కాదు, ఏళ్ల తరబడి జనాన్ని చూస్తే వస్తుంది.

ముందు బిర్లా మందిర్. నౌబత్ పహాడ్ మీద రాజస్థాన్ పాలరాయితో కట్టిన గుడి, 1976లో ప్రతిష్ఠ. గంటలుండవు, ఎవరి ధ్యానం వాళ్లు చేసుకోవాలని. పైనుంచి చూస్తే ఒక పక్క హుస్సేన్‌సాగర్, ఇంకో పక్క అసెంబ్లీ. అక్కణ్నుంచి బస్సు మూసీ వైపు తిరిగింది.

మూసీ దగ్గర గైడు బస్సును నెమ్మది చేయించాడు. నీళ్లు చూసి ముక్కు మూసుకోబోయిన వాళ్లను ఆపి, ‘‘1908 సెప్టెంబరు 28’’ అన్నాడు. ఆ రోజు ఇదే నది ఊరిని ముంచేసింది. వేల మంది పోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకుని ఒక్కడూ మిగిలాడు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చేసిన సలహాల ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మనం గండిపేట నీళ్లు అని గొప్పగా చెప్పుకునేవి ఆ కన్నీళ్ల వెనకాల వచ్చినవే. బస్సులో ఒక్కరూ మాట్లాడలేదు. కిటికీ పక్కనున్న ఒక పెద్దాయన ‘‘చెట్టెక్కడుంది?’’ అని అడిగాడు. అటు చెయ్యి చూపించాడు గైడు. అందరం ఆ వైపుకు వంగాం.

చార్మినార్ గురించి కొత్తగా చెప్పేదేముందనుకున్నా. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని బడి పిల్లలకూ తెలుసు. ప్లేగు తగ్గినందుకు కట్టించారని ఒక మాట ఉంది. హిజ్రీ లెక్కలో వెయ్యో ఏడు వచ్చిన సందర్భం అని ఇంకో మాట ఉంది. మా గైడు రెండూ చెప్పి, ‘‘ఒక్కసారి నాలుగు వైపులా చూడండి’’ అన్నాడు. నాలుగు కమాన్లు, వాటిలోంచి నాలుగు దారులు. ముందు మధ్యలో ఈ కట్టడాన్ని నిలబెట్టి, దాని నుంచి వీధులు గీసి, ఆ వీధుల వెంట నగరాన్ని పెంచారు. మనం గుర్తుగా చూసేది వాళ్లకు కొలబద్ద. ఈ ముక్క తెలిశాక గుల్జార్ హౌజ్ వైపు చూసే చూపే మారిపోతుంది. మక్కా మసీదు అక్కడికి రెండడుగులు. దాని పని ముగిసింది 1694లో, కుతుబ్ షాహీలు పోయి ఔరంగజేబు వచ్చాక. లాడ్‌బజార్‌లో ఇచ్చిన టైము చాల్లేదు. నా స్నేహితురాలు లక్క గాజులు కొనేలోపే గైడు ఈల వేశాడు. నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, వేళ్లతో అద్దాలు అద్దుతున్న కుర్రాడి చెయ్యి చూస్తూ నిలబడిపోయింది తను. ఆ వేడిలో వాడు చెయ్యి ఒక్కసారైనా వెనక్కి తీసుకోలేదు.

చౌమహల్లాలో కట్టిపడేసేది ఖిల్వత్ దర్బారు హాలు. బెల్జియం గాజు షాండ్లియర్లు పందొమ్మిది. పాడుబడిపోతున్న ఈ ప్యాలెస్‌ను యువరాణి ఎస్రా బాగు చేయించి 2005లో జనానికి తెరిపించింది. 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. ఇంతకన్నా చెప్పాలని లేదు. మా మనసప్పటికే పన్నెండింటి మీద ఉంది.

ఎందుకంటే పన్నెండింటికి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు ఉండాలి. మ్యూజియం మొత్తం మీద అదొక్కటి చాలు. వెళ్లేసరికి నేలమీదా బల్లలమీదా జనం. చంటిపిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. గడియారంలో ఒక మూల కమ్మరి సుత్తితో టకటకా కొడుతూ సెకన్లు లెక్కపెడుతుంటాడు. గంట నిండే ముందు తలుపు తెరుచుకుని గడ్డపాయన బయటికొస్తాడు. గంట కొడతాడు, లోపలికి పోతాడు, తలుపు మూసుకుంటుంది. మామూలప్పుడైతే రెండో మూడో. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు. ఎవరూ చెప్పకుండానే హాలంతా వాటిని పైకి లెక్కపెట్టింది. తెలుగులో ఒక మూల, ఉర్దూలో ఇంకో మూల, తమిళంలో నా వెనకాల. పన్నెండో దెబ్బకి చప్పట్లు. చేతిలో ఉన్న ఫోనులో సెకను తేడా లేకుండా టైము కనిపిస్తున్న జనం, బొమ్మ వచ్చి గంట కొడుతుంటే చప్పట్లు కొట్టడం ఎంత బాగుందో.

ఇదంతా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగేసిన సంపద. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం తెరిచాడు. మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి 1968లో మారింది. బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. పాలరాతిలో ముసుగు, ముసుగులోంచి ముఖం. రెండూ ఒకటే రాయి. నా స్నేహితురాలు అక్కణ్నుంచి కదల్లేదు, గైడే వచ్చి పిల్చుకెళ్లాడు.

భోజనాలయ్యాక గోల్కొండ. ఇక్కడి నుంచే మా ప్రయాణం మా సొంతమైంది.

బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద గైడు మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టాడు. ఒక్కడే మధ్యలోకెళ్లి చప్పట్లు కొట్టాడు. నెత్తి మీద ఉరిమినట్టయింది. ఒక అడుగు పక్కకు జరిగి కొట్టాడు. మామూలు చప్పుడే. ‘‘పైకి చూడండి’’ అన్నాడు. గుమ్మటం లోపలంతా వజ్రాకారపు పలకలు. చప్పుడు వాటికి తగిలి, చెదిరిపోకుండా కూడుకుని పైకి పోతుంది. కొండ కొసనున్న దర్బారు మంటపంలో వినిపిస్తుంది. శత్రువొచ్చినా, చుట్టమొచ్చినా కింద నుంచి కబురు అలా అందేది. తర్వాత పైకెక్కి మేమూ పరీక్షించాం. కింద ఎవరో కొట్టిన చప్పట్లు గాలిలో సన్నగా, స్పష్టంగా వినపడ్డాయి. తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎక్కుతుంటే గైడు గోడల్లో మట్టి గొట్టాలు చూపించాడు. దుర్గం చెరువు నీళ్లు ఇక్కడికి తెచ్చి, చక్రాలతో అంచెలంచెలుగా కొండ మీదికి తోడేవారు. ఈ రోజు ఆ చెరువు మీద తీగల వంతెన చూడటానికి జనం పోతున్నారు. అప్పట్లో అది కోట గొంతు తడిపే చెరువు. వజ్రాల మాట వచ్చినప్పుడు బెజవాడ మనిషికి ఉత్సాహమొచ్చింది. గోల్కొండలో వజ్రాలు దొరకలేదు, అమ్ముడుపోయాయి. తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో. పదిహేడో శతాబ్దంలో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియె, గనిలో అరవై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. ‘‘వజ్రాలు మావి, పేరు మీది’’ అంది నా వైపు చూసి.

రామదాసు బందీఖానా దగ్గర గుంపు పలచబడింది. కొందరు అలిసిపోయి చెట్టు కింద కూర్చున్నారు. చీకటి గది, పైన ఒక కంత. గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చు పెట్టాడని ఖైదు చేశారు. ‘‘ఆయన మేనమామలు అక్కన్న, మాదన్నలు గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులు’’ అని గైడు ముందుకెళ్లబోయాడు. ఇద్దరం ఒకేసారి ఆపాం. ‘‘మాది మాదన్నపేట’’ అన్నాను నేను. ‘‘అక్కన్న మాదన్న గుహలు మా ఊళ్లోనే’’ అంది తను.

ఆయన మైకు కిందికి దించాడు. ఆ మాదన్న పేరు మీదే మా పేట వెలిసిందని మా బస్తీలో పెద్దలంతా చెప్తారు. ఇంద్రకీలాద్రి కింద ఉన్న గుహలైతే ఆరు, ఏడు శతాబ్దాల నాటివి. అన్నదమ్ముల కన్నా వెయ్యేళ్ల పాతవి. వాళ్లు బెజవాడ వచ్చినప్పుడు అక్కడ కచేరీ పెట్టేవారని అలా పేరు పడిందంటారు. ఒక ఊళ్లో పేట, ఒక ఊళ్లో గుహ, శాలిబండ హరిబౌలిలో గుడి, అన్నీ ఆ అన్నదమ్ముల పేరు మీదే. ముగ్గురం బందీఖానా మెట్ల మీదే కూర్చున్నాం. ఆ తర్వాత ఆయన చెప్పిందంతా కరపత్రంలో లేని మాటలే.

అన్నదమ్ములది హనుమకొండ వైపు నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. లెక్కలు రాసే కొలువులో చేరి, 1670ల్లో తానీషా గద్దెనెక్కాక రాజ్యం నడిపే దాకా ఎదిగాడు మాదన్న. 1677లో శివాజీ గోల్కొండ వచ్చినప్పుడు రాజుకూ ఆయనకూ ఒప్పందం కుదిర్చిన చెయ్యి ఇతనిదే. ఆ స్నేహమే ఔరంగజేబు కంట్లో నలుసైంది. 1685లో మొగలు సేన హైదరాబాదును దోచుకుంది. తానీషా కోటలోకి తప్పుకున్నాడు. దోచుకుపోయిన కోపమంతా మంత్రుల మీదికి మళ్లింది. 1686లో గోల్కొండ వీధిలోనే అన్నదమ్ములిద్దర్నీ చంపేశారు. మరుసటి ఏడాది ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది. లోపలివాడు తలుపు తీస్తే. తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒక్కడు ఒళ్లంతా గాయాలతో చివరిదాకా నిలబడ్డాడు. తానీషాను దౌలతాబాద్ తీసుకెళ్లారు, అక్కడే పోయాడు. అందుకే కుతుబ్ షాహీ సమాధుల్లో ఈయనది లేదు. ఖుల్దాబాద్‌లో ఉంది.

ఇదంతా విన్నాక దిగుతూ చూసిన కోట వేరు. ఏ మలుపులో చంపారో తెలియదు గాని, ఆ వీధి మీదే నడుస్తున్నామన్న ఎరుక కాళ్లకు తెలుస్తుంది. పుట్టినప్పటి నుంచి చిరునామాలో రాస్తూ వస్తున్న పేరు ఒక మనిషిది. అతన్ని ఇక్కడే పడేశారు.

కుతుబ్ షాహీ సమాధులున్న ఏడు గుమ్మటాల దగ్గర పొద్దు వాలింది. పదేళ్లకు పైగా ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి చేసిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. సున్నపు పూత, పలకలు, బావులు అన్నీ మళ్లీ పాత రూపుకొచ్చాయి. వెనక్కి వచ్చేప్పుడు ట్యాంక్‌బండ్ మీదుగా బుద్ధుణ్ని చూపించారు. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి పదిమంది దాకా చనిపోయారు. 1992 డిసెంబరు 1న మళ్లీ నిలబెట్టారు. ఫొటో తీసుకుంటున్న పిల్లలకు గైడు ఈ మాట కూడా చెప్పాడు. దిగే ముందు మైకు తీసుకుని, ‘‘ఈ అమ్మలది మాదన్నపేట, బెజవాడ’’ అని మా కథ మొత్తం మళ్లీ హిందీలో వినిపించాడు. బస్సంతా మా వైపు తిరిగింది.

పర్యాటక శాఖ పెద్దలకు ఒక మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. మన దగ్గర కట్టడాలకు కొదవ లేదు, బస్సులకూ లేదు. కొరత గైడు చేతిలోని టైముకు. రోజుకు ఇన్ని స్థలాలు అని కుక్కేస్తే ఆయన తేదీలు చెప్పడంతోనే సరిపోతుంది. ఒక స్థలం తగ్గించండి, ఒక గంట పెంచండి. తర్వాత, టూరు బస్సు చార్మినార్ దగ్గర తిరిగి వెనక్కి పోతుంది. దానికి తూర్పున నగరమే లేదన్నట్టు. పాత నగరపు కోట గోడకున్న దర్వాజాల్లో ఇప్పటికి నిలబడ్డవి రెండే. ఒకటి పురానాపూల్ దగ్గర. రెండోది దబీర్‌పురా దర్వాజా, మాదన్నపేట పక్కనే. ఇంకాస్త ముందుకొస్తే మూసారాంబాగ్. నిజాం సేనలను నడిపి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి రేమండ్ పేరు అది. ఆయన సమాధి కూడా ఆ దాపునే కొండ మీదుంది. పెద్ద బస్సు ఈ సందుల్లో తిరగదని నాకు తెలుసు. చిన్న బండి తిరుగుతుంది, కాళ్లు తిరుగుతాయి. బస్తీలో పుట్టిన పిల్లలకే గైడు శిక్షణ ఇస్తే, వాళ్లకు పని, వచ్చినవాళ్లకు కథ.

మర్నాడు మేమిద్దరం ఆ పనే చేశాం. మండీ నుంచి నడిచి దబీర్‌పురా దర్వాజా చూశాం. కింద నుంచి ఆటోలు, బండ్లు ఎప్పట్లా పోతూనే ఉన్నాయి. పక్కన చాయ్ అమ్మే అతన్ని ‘‘ఇది ఎప్పటిదన్నా?’’ అని అడిగింది తను. ‘‘పాతదమ్మా, మా తాత చిన్నప్పటి నుంచీ ఉంది’’ అన్నాడు. అక్కణ్నుంచి రిక్షాలో హరిబౌలి. అక్కన్న మాదన్న మహంకాళి గుడి. అమ్మవారికి పసుపు కుంకుమలు ఇచ్చి, అక్కడే కాసేపు కూర్చున్నాం. బోనాలప్పుడు ఈ గుడి ఘటాన్ని ఏనుగు మీద ఊరేగిస్తారని పూజారి చెప్పాడు. గోల్కొండ జగదాంబ గుడిలో మొదలయ్యే ఆషాఢం సంబురం పాతబస్తీకొచ్చి, లాల్‌దర్వాజా బోనాల మర్నాడు ఈ ఊరేగింపుతో నయాపూల్ దగ్గర ముగుస్తుంది. ఆ రోజు చార్మినార్ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లిస్తారు. నడిచే చూడాలి. ఆషాఢానికి వస్తానని గుడి మెట్ల మీదే ఇంటికి ఫోను చేసి చెప్పేసింది తను.